జెండర్, అంతర్జాతీయ అభివృద్ధి పీజీ: విశాఖ నుంచి చూస్తే

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు రేవు దాటకూడదు. ఆ రెండు నెలలూ గడవడానికి రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తుంది. మొన్నమొన్నటిదాకా పది వేలుండేది, 2025లో 20,000 రూపాయలయింది. ఎవరికివ్వాలన్నది బోటును బట్టి, దాని మీద వేటకు వెళ్లేవాళ్ల పేర్లను బట్టి తేలుస్తారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకుని, గంపలకెత్తుకుని, ఆటోల్లో కాలనీలకు తీసుకెళ్లి అమ్మే ఆడవాళ్లు బోటెక్కరు. జాలరిపేటల్లో చేపలు కోసి, ఉప్పుపట్టి, ఎండబెట్టేవాళ్లూ ఎక్కరు. బోటు కదలకపోతే వాళ్ల సంపాదన కూడా ఆగుతుంది. అయినా పథకం దృష్టిలో మత్స్యకారుడంటే బోటు మీదున్న మనిషి. ఆ ఇంటి నుంచి వేటకు వెళ్లే మగమనిషి లేకపోతే, ఇరవై ఏళ్లుగా చేపలమ్ముతున్న ఆవిడకు జాబితాలో చోటుండదు.

ఇక్కడ ఎవరో కావాలని చేసిన అన్యాయం కనిపించదు. భృతి పెంచినప్పుడు అందరూ సంతోషించారు, అది సంతోషించాల్సిన విషయమే. పథకం రాసేటప్పుడు ‘పని’ అంటే ఏమిటో, ‘కుటుంబం’ అంటే ఎవరో ముందే అనుకుని రాశారు, అంతే. జెండర్, అంతర్జాతీయ అభివృద్ధి అనే పీజీ చదువు ఆ ముందే అనుకున్నవాటిని బయటికి తీసి పరీక్షించడం నేర్పుతుంది. పని ఎవరు చేస్తున్నారు, ఆస్తి ఎవరి పేరిట ఉంది, డబ్బు వచ్చాక ఖర్చు ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న మూడు ప్రశ్నలను ఏ పథకం మీదైనా, ఏ ఫ్యాక్టరీ మీదైనా, ఏ దేశంలోనైనా ఓపికగా వేయడం అందులో ప్రధానమైన పాఠం.

ద్వారకానగర్‌లో విదేశీ చదువుల కన్సల్టెన్సీల మెట్లెక్కే పిల్లల్లో ఎక్కువమంది కంప్యూటర్, డేటా కోర్సుల కోసమే వస్తారు. ఈ కోర్సు పేరెత్తితే ‘ఆడపిల్లలకు సులువుగా ఉండే ఆర్ట్స్ సబ్జెక్టు’ అనుకోవడం మామూలు. ఆ అభిప్రాయం తప్పు. ఇందులో ఆర్థికశాస్త్రం ఉంది, చట్టం ఉంది, బడ్జెట్ చదవడం ఉంది, సర్వే ప్రశ్నావళి తయారుచేయడం ఉంది, గణాంకాలున్నాయి. మగపిల్లలు చదవాల్సిన విషయం కూడా చాలానే ఉంది. వలస, తాగుడు, హింస, పిల్లల పెంపకంలో తండ్రి పాత్ర వంటివి ఈ రంగంలో పెద్ద అంశాలు.

ఈ చదువుకు అర్ధశతాబ్దం పైబడిన చరిత్ర ఉంది. 1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ ఆఫ్రికా, ఆసియా దేశాల వ్యవసాయాన్ని పరిశీలించి ఒక మాట చెప్పారు. అభివృద్ధి పేరిట వచ్చిన కొత్త పనిముట్లు, నగదు పంటలు, శిక్షణ అన్నీ మగవాళ్లకే చేరాయని, అప్పటిదాకా సేద్యంలో ముందున్న చోట్ల కూడా ఆడవాళ్లు వెనక్కి వెళ్లారని ఆమె వాదన. మన దేశంలో 1971లో ఏర్పాటైన మహిళల స్థితిగతుల కమిటీ 1974 చివరికల్లా నివేదిక పూర్తి చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆడవాళ్ల పరిస్థితి దానంతటదే మెరుగవుతుందనుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. జనాభాలో ఆడవాళ్ల నిష్పత్తి తగ్గుతోందని, పనిలో వాళ్ల వాటా కూడా తగ్గుతోందని అది చూపించింది. 1975లో మెక్సికో నగరంలో తొలి ప్రపంచ మహిళా సదస్సు జరిగింది, 1995లో బీజింగ్‌లో నాలుగోది.

మొదట్లో ప్రభుత్వాలు, దాతృసంస్థలు చేసింది తేలికైన పని. ఉన్న ప్రాజెక్టుకు ఒక కుట్టుమిషన్ల కేంద్రం, ఒక పచ్చళ్ల తయారీ శిక్షణ తగిలించి మహిళాభివృద్ధి అన్నారు. లోపం ఆడవాళ్లకు నైపుణ్యం లేకపోవడంలో లేదు, ఇంట్లో, బజార్లో, చట్టంలో ఆడా మగా మధ్య ఉన్న సంబంధంలోనే ఉంది అన్న విమర్శ 1980లలో బలపడింది. 1985లో మాక్సిన్ మాలినో, ఆ తర్వాత కరోలిన్ మోసర్ అనే పరిశోధకులు ఒక తేడాను స్పష్టంగా చెప్పారు. రోజు గడవడానికి కావలసిన అవసరాలు వేరు, అధికారపు లెక్కను మార్చే అవసరాలు వేరు.

గిరిజనులుండే ఏజెన్సీ కొండల్లో చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కొండ మీద ఊటనీటిని గొట్టాలతో గూడేనికి తెచ్చి కుళాయి పెడితే ఆడవాళ్లకు బిందెలతో ఎక్కి దిగే బాధ తప్పుతుంది. అది నిజమైన మేలే. కానీ నీళ్లు తేవడం ఆడవాళ్ల పనే అన్న మాట మాత్రం అలాగే ఉంటుంది. భూమి పట్టాలో ఆమె పేరు చేరడం మరో రకం మార్పు. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లైనవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరిట పట్టా ఇవ్వాలని చెబుతోంది. అరకు, పాడేరు వైపు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పండుతుంది. పండ్లు కోయడంలో ఆడవాళ్ల చేతులే ఎక్కువ. విశాఖలో ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థతో పాటు ప్రైవేటు వ్యాపారులు, ఇతర సంస్థలు ఆ పంట కొంటాయి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, పట్టాలో రెండో పేరున్న మనిషికి ఆ ఖాతా మీద ఎంత మాట చెల్లుతోంది అన్నది ఈ చదువు అడిగే ప్రశ్న. 2019లో అరకు కాఫీకి వచ్చిన భౌగోళిక గుర్తింపు గొప్ప సంగతే గానీ, దాని గురించి వచ్చే కథనాల్లో ఈ ప్రశ్న అరుదుగా కనిపిస్తుంది.

మైదానంలో కథ వేరు. హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. ఇంత ముందు చట్టం వచ్చిన చోట ఆడపిల్లల పేరిట భూములు విరివిగా ఉండాలి. కానీ ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న ఒక్క మాటతో అక్కచెల్లెళ్ల చేత హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించే ఇళ్లు ఎన్నో. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో వాళ్లూ పెడతారు. భూమి మీద హక్కు లేకుండా ఆడవాళ్లకు ఇంట్లో బేరమాడే బలం రాదని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1990లలోనే విస్తృతంగా వాదించారు. చట్టానికీ సంతకానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో ఏం జరుగుతుందో రాయాలంటే ఉత్తరాంధ్ర కుటుంబాల లోపలి సంగతులు తెలిసినవాళ్లు కావాలి.

ప్రపంచంలో ఎక్కడ ఈ కోర్సు చదివినా ఆంధ్రప్రదేశ్ తగలకుండా పోవడం కష్టం. కారణం డ్వాక్రా. గ్రామీణ పేద మహిళలను సంఘాలుగా చేర్చడానికి 1982లో యూనిసెఫ్ సాయంతో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం అది. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా ఆడవాళ్లను ఒకచోటికి చేర్చింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చింది. తొలి విడత ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. సంఘాలు, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు అంటూ అంచెలంచెలుగా పెరిగిన ఆ నిర్మాణాన్ని చూసే 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ రూపుదిద్దుకుంది.

ఇదే రాష్ట్రం మరో పాఠం కూడా చెప్పింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఇవే సంఘాల చుట్టూ చేరి, ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చి, వారంవారం వసూళ్లకు తలుపు తట్టాయి. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. అప్పటిదాకా పేదరికానికి మందుగా సూక్ష్మరుణాన్ని పొగిడిన అంతర్జాతీయ సంస్థలు వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ తరగతి గదిలో కూర్చున్న విశాఖ అమ్మాయికి ఇది పుస్తకంలో విషయం మాత్రమే కాదు. అమ్మో, అత్తో, ఎదురింటి పిన్నిగారో సంఘంలో ఉండే ఉంటారు. వాయిదా కట్టలేని నెల ఇంట్లో వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. సంఘం మీటింగు పేరుతో గడప దాటే స్వేచ్ఛ వచ్చిన సంగతీ తెలుసు. ఆర్థికవేత్త నైలా కబీర్ సాధికారతను వనరులు, నిర్ణయించే శక్తి, దక్కిన ఫలితం అనే మూడు పాళ్లుగా విడదీసి చూపారు. రుణం ఇచ్చామని చెప్పే నివేదికలో ఉండేది మొదటి పాలు మాత్రమే. ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్‌గుప్తా అనే పరిశోధకులు బంగ్లాదేశ్‌పై 1996లో ప్రచురించిన పరిశీలనలో ఆడవాళ్ల పేరిట తీసుకున్న అప్పుల్లో చాలా భాగం వాడకం ఇంట్లోని మగవాళ్ల చేతిలో ఉన్నట్టు తేలింది. దాని మీద చాలా వాదోపవాదాలు నడిచాయి. భర్త ఆటో కొనుక్కోవడానికి భార్య అప్పు తెచ్చిస్తే అది ఆమె ఓటమేనా, లేక ఇద్దరి ఉమ్మడి నిర్ణయమా? వందశాతం వసూలు అన్న అంకె ఈ ప్రశ్నకు జవాబివ్వదు. నాలుగు ఇళ్లలో కూర్చుని, తొందరపడకుండా వింటే కొంత తెలుస్తుంది.

అలాంటి మరో చోటు అచ్యుతాపురం. విశాఖ జిల్లా విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, నగరం పారిశ్రామిక విస్తరణలో అది భాగమే. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ ఏర్పాటుచేసిన దుస్తుల పార్కు వేలమంది ఆడవాళ్లకు పని ఇచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు వస్తారు. ఎగుమతి ఫ్యాక్టరీలు ఆడపిల్లలనే ఎందుకు ఎంచుకుంటాయన్నదాని మీద 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేది. నేర్పున్న వేళ్లు, ఓపిక పుట్టుకతో వచ్చే గుణాలు కావు, ఇంట్లో చిన్నప్పటి నుంచి చేయించిన పనితో వచ్చిన శిక్షణ, దానికి జీతంలో విలువ కట్టరు అని వాళ్లు చెప్పారు. అలాగని ఆ ఉద్యోగాలు చెడ్డవని ఒక్కమాటలో తీసిపారేయడం అన్యాయం. జీతం చేతికి రావడం వల్ల పెళ్లి రెండేళ్లు వాయిదా వేయించుకోగలిగిన పిల్లకు ఆ రెండేళ్లు చిన్నవి కావు. కానీ 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో అదే మండలిలో విషవాయువు పీల్చి మహిళా కార్మికులు పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఉపాధి సంఖ్య ఒక్కటే చూసేవాళ్ల నివేదికలో ఆ రెండు రోజులు ఉండవు.

జాతీయ గణాంకాలను కూడా ఇలాగే జాగ్రత్తగా చదవాలి. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్న లేదా పని వెతుకుతున్నవాళ్ల వాటా 2017-18లో 23.3 శాతం ఉంటే, 2023-24కి 41.7 శాతానికి చేరిందని కార్మిక సర్వే చెప్పింది. వినడానికి బాగుంది. పెరుగుదలలో ఎక్కువ భాగం గ్రామాల్లో స్వయం ఉపాధి, ఇంటి వ్యాపారంలో జీతం లేని సాయం. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటి పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చించారు. ఆడవాళ్లు పనిలోకి వచ్చారు సరే, ఇంటి పని అంతగా చేతులు మారలేదు. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన ఉచిత బస్సు పథకాన్ని అంచనా వేసేటప్పుడు కూడా ఎంతమంది ఎక్కారన్న లెక్కతో ఆగకూడదు. మిగిలిన చార్జీ డబ్బు ఎవరి చేతిలో ఉంది, దూరంగా ఉన్న మంచి పనికి వెళ్లగలుగుతున్నారా, రాత్రి షిఫ్టు తర్వాత బస్సు ఉందా అని అడగాలి.

ఇక కోర్సుల సంగతి. బ్రిటన్‌లో వారిక్ విశ్వవిద్యాలయం దాదాపు ఇదే పేరుతో ఎంఏ నడుపుతూ వచ్చింది. ససెక్స్‌లో 1966లో నెలకొన్న అభివృద్ధి అధ్యయన సంస్థకు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ జెండర్ విభాగానికి ఈ రంగంలో పేరుంది. అక్కడ ఏడాదిలో చదువు ముగుస్తుంది. మొత్తం 180 క్రెడిట్లలో సాధారణంగా 60 పరిశోధన వ్యాసానివి. ఈ అరవై క్రెడిట్ల గురించి విశాఖ విద్యార్థులు ముందే ఆలోచించడం మంచిది. వ్యాసం పని సాధారణంగా వేసవిలో సాగుతుంది, మనుషులను ఇంటర్వ్యూ చేయాలంటే నైతిక అనుమతి తీసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. చేపల వేట నిషేధం మీద రాయాలనుకున్న విద్యార్థిని జూన్ మూడో వారంలో విమానం దిగితే బోట్లు అప్పటికే సముద్రంలో ఉంటాయి. అనుమతి పని మార్చికల్లా పూర్తి చేసుకుంటేనే ఆ అంశం చేతికొస్తుంది.

తెలుగులో, ఉత్తరాంధ్ర యాసలో నేరుగా మాట్లాడగలగడం ఆమెకు పెద్ద బలం. అయితే ఊరి మనిషిని కాబట్టి అంతా తెలుసనుకోవడం ప్రమాదం. ఎంవీపీ కాలనీలో పెరిగిన అమ్మాయి జాలరిపేటకు కొత్తదే. పాడేరు కొండల్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే గూడెంలో ఆమె లండన్ నుంచి వచ్చిన విద్యార్థికి ఏమంత భిన్నంగా కనిపించదు. కులం, చదువు, వేసుకున్న బట్టలు ఆమె నోరు తెరవకముందే చాలా చెప్పేస్తాయి. మంచి కోర్సు ఈ సంగతిని పదేపదే గుర్తుచేస్తుంది, అలా గుర్తుచేయడం న్యాయం.

దేశం లోపల దారులు తక్కువేమీ కావు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మహిళా, జెండర్ అధ్యయనాలలో పేరున్నవి. ఇగ్నోలో దూరవిద్యగా కూడా ఈ పీజీ ఉంది. ఉద్యోగం మానలేనివాళ్లకు, చిన్నపిల్లలున్నవాళ్లకు అది నిజంగా పనికొచ్చే దారి, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రం దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట ఉంది. 1930లలో ఆమె రాజనీతిశాస్త్రంలో ఎంఏ చేసింది ఇదే విశ్వవిద్యాలయంలో. రాజ్యాంగ సభలో కూర్చుని, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, 1958లో స్త్రీవిద్యపై జాతీయ కమిటీకి నాయకత్వం వహించిన మనిషి వాల్తేరు కొండ మీద చదువుకున్నారన్నది ఇక్కడి విద్యార్థులకు ఇంకా గట్టిగా తెలియాలి.

విదేశానికి వెళ్లే దారిలో డబ్బు పెద్ద అడ్డంకి, ఆ అడ్డంకిలోనూ జెండర్ ఉంది. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి. ఆస్తి నాన్న పేరిటో, భర్త పేరిటో ఉంటుంది కాబట్టి కూతురి కోర్సు మీద వాళ్ల ఒప్పుకోలు తప్పనిసరవుతుంది. కంప్యూటర్ చదువుకు పెట్టే ఇల్లు ఈ చదువుకు తాకట్టు పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు. బ్రిటన్ 2024 జనవరి నుంచి తరగతి బోధన ఉండే మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడాన్ని ఆపేసింది. ఈ నియమం కాగితం మీద అందరికీ ఒకటే. మూడేళ్ల బిడ్డ ఉన్న తండ్రి వెళ్లిరాగలడు, తల్లిని మాత్రం బంధువులందరూ ఆపుతారు. చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసే వీసా గడువు కూడా 2027 జనవరి నుంచి చేసే దరఖాస్తులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది.

ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని కూలీల కుటుంబాల పిల్లల కోసం కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో ముప్పై శాతం అమ్మాయిలకు కేటాయించారు. కానీ 2022 ఫిబ్రవరిలో మార్చిన నిబంధనలు భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన అంశాలను పక్కన పెట్టాయి. తన ఊరి వెతలను ప్రపంచస్థాయి పరిశోధనగా రాయగల దళిత విద్యార్థినికి ఇది నేరుగా తగిలే దెబ్బ. ఈ నిబంధన తీసేయాల్సిందే.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలి. ఈ డిగ్రీతో అంతర్జాతీయ సంస్థల్లో జెండర్ సలహాదారు కావడం అన్నది ఒకప్పుడు సహజమైన మెట్టు. అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో సాయానికి ఇచ్చే వాటాను 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని 2025లో ప్రకటించింది. మన దగ్గర 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ, పెద్ద సంస్థలు తెచ్చుకున్న డబ్బును చిన్న సంస్థలకు పంచడాన్ని నిషేధించింది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. సంస్థ నిర్వహణ చూసేవాళ్ల జీతాలు ఆ ఖర్చుల్లో ఉంటాయి కాబట్టి జిల్లాల్లో పనిచేసే చిన్న సంస్థలకు మనుషులను పెట్టుకోవడం కష్టమైంది. ఇరవై ముప్పై లక్షలు అప్పు చేసి, ఏ అనుభవమూ లేకుండా వెళ్లొచ్చినవాళ్లకు ఈ పరిస్థితి చాలా భారంగా ఉంటుంది. కన్సల్టెన్సీలు ఈ మాట చెప్పవు, ఇంట్లోవాళ్లకు తెలియదు.

పని మాత్రం తగ్గలేదు. స్వయం సహాయక సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థలు గ్రామాల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా, కంపెనీల చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాల్సిన విశాఖ పరిశ్రమలు, సర్వేలు చేసే పరిశోధన సంస్థలు ఉన్నాయి. పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం కింద ప్రతి అంతర్గత కమిటీలో బయటి నుంచి ఒకరు సభ్యులుగా ఉండాలి. వీళ్లందరికీ నమ్మదగిన ప్రశ్నావళి రాసేవాళ్లు, బడ్జెట్‌లో మహిళల పేరిట చూపిన మొత్తం నిజంగా ఎటు పోయిందో వెతికేవాళ్లు, వచ్చిన అంకెలను తెలుగులో అధికారికీ సంఘం సభ్యురాలికీ అర్థమయ్యేట్టు చెప్పేవాళ్లు కావాలి. అందుకే డిగ్రీ అవగానే విమానం ఎక్కేకన్నా ఇలాంటి చోట రెండేళ్లు పనిచేసి వెళ్లడం మేలు. పూర్తి ఖర్చు భరించే బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్ స్కాలర్‌షిప్ కూడా రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది, చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు పెడుతుంది. ఈ విషయం మీద నిజమైన ఆసక్తి ఉన్న విశాఖ అమ్మాయికి గానీ అబ్బాయికి గానీ ఆ రెండు షరతులూ ఇబ్బంది పెట్టేవి కావు. వెళ్లేముందు రెండేళ్లు, వచ్చాక రెండేళ్లు చేయాల్సిన పని అచ్యుతాపురం నుంచి పాడేరు దాకా ఇప్పటికే సిద్ధంగా ఉంది.